నర్సుల ఆలోచనా నైపుణ్యం, పడక పక్కన తీసుకునే నిర్ణయం: తరచుగా అడిగే ప్రశ్నలు

నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడూ, కొత్తగా డ్యూటీలో చేరినవారి పక్కన వార్డులో నిలబడినప్పుడూ నాకు ఎదురయ్యే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. అడిగేవారు మారుతున్నారు గానీ, ప్రశ్నలు అవే. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ రాసి, చదువు, తొలి ఉద్యోగం, అనుభవం, బాధ్యత అన్న దశల వారీగా అమర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోటి నుంచి చదువుకోవచ్చు.

## చదువుకునే రోజుల్లో

ఆర్డర్ రాసేది డాక్టర్, అమలు చేసేది మేము. ఇందులో నర్సు తీసుకునే నిర్ణయం ఏముంది?

ఉదయం టిఫిన్‌కు ముందు 12 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వమని కేస్‌షీట్‌లో ఉందనుకోండి. మీరు సిరంజితో వెళ్లేసరికి ఆ పెద్దాయన రాత్రి నుంచి వాంతులు అవుతున్నాయనీ, ఏమీ తినలేననీ అంటాడు. ఆర్డర్ ప్రకారం సూది వేస్తే కాగితం మీద తప్పు కనిపించదు, కానీ రెండు గంటల్లో ఆయన షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. చేయి ఆపి, గ్లూకోమీటర్‌తో షుగర్ చూసి, డ్యూటీ డాక్టర్‌కు విషయం చెప్పి, కొత్త ఆర్డర్ వచ్చేదాకా ఆగడం నర్సు తీసుకున్న నిర్ణయమే. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి, ఎవరి బీపీని గంటకు బదులు పదిహేను నిమిషాలకోసారి చూడాలి, అవసరమైతే ఇవ్వమని రాసిన నొప్పి మందు ఇప్పుడు అవసరమా కాదా, డాక్టర్‌ను ఇప్పుడే పిలవాలా రౌండ్స్ దాకా ఆగవచ్చా అన్నవన్నీ ఇలాంటివే. రోగనిర్ధారణ, మందుల ఎంపిక డాక్టర్ పని కావచ్చు. ఆ మందు ఈ మనిషికి ఈ నిమిషంలో ఇవ్వవచ్చా అని చివరిసారిగా చూసే కళ్లు మాత్రం మీవి.

క్రిటికల్ థింకింగ్, క్లినికల్ రీజనింగ్, క్లినికల్ జడ్జిమెంట్ అని మూడు మాటలు వాడుతున్నారు. మూడూ ఒకటేనా?

దగ్గరి మాటలే గానీ ఒకటి కావు. క్రిటికల్ థింకింగ్ అన్నది ఏ రంగంలోనైనా పనికొచ్చే అలవాటు. విన్నదాన్ని వెంటనే ఒప్పేసుకోకుండా ఆధారం అడగడం, అర్థం చేసుకోవడం, విశ్లేషించడం, తన ఆలోచనను తానే సరిచూసుకోవడం అందులోకి వస్తాయి. 1990లో అమెరికాలో పీటర్ ఫేసియోన్ నేతృత్వంలో 46 మంది నిపుణులు దీనికి ఒక ఉమ్మడి నిర్వచనం కుదుర్చుకున్నారు. నర్సింగ్ పరిశోధనల్లో ఎక్కువగా వాడే కొలమానాలు కొన్ని దాని నుంచే వచ్చాయి. ఆ అలవాటును మీ ముందున్న ఒక్క రోగి మీద, అతని వయసు, జబ్బు, మందులు, ఈ పూట లక్షణాలు అన్నీ కలిపి ప్రయోగించడం క్లినికల్ రీజనింగ్. ఆ తర్కం చివర మీరు చేరే అభిప్రాయం, అంటే ‘ఈయనకు లోపల రక్తం పోతోంది’ అన్న అంచనా, క్లినికల్ జడ్జిమెంట్. దాని మీద మీరు చేసే పని నిర్ణయం. పరీక్షలో ఈ తేడా రాస్తే మార్కులు వస్తాయి. వార్డులో దీని ఉపయోగం వేరు: ఏదైనా తప్పిపోయినప్పుడు ఈ గొలుసులో ఏ లంకె తెగిందో వెతికి పట్టుకోవచ్చు.

నర్సింగ్ ప్రాసెస్‌లో ఐదు మెట్లు ఉన్నాయి కదా, వాటి ప్రకారం కేర్ ప్లాన్ రాస్తే ఆలోచించినట్టే కదా?

అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్ అన్నది మంచి చట్రమే, కాదనను. కానీ సీనియర్ల ఫైలు చూసి పేరు, బెడ్ నంబరు మార్చి రాసిన కేర్ ప్లాన్లు నేను ఎన్నో దిద్దాను. వాటిలో ఐదు మెట్లూ ఉంటాయి గానీ రోగి ఉండడు. పడక పక్కన ఆలోచన మెట్ల వరుసలో నడవదు. ముందుకు పోతూ, వెనక్కి వస్తూ, మధ్యలో కొత్త విషయం కనబడితే దారి మార్చుకుంటూ సాగుతుంది. నర్సింగ్ పరిశోధకురాలు క్రిస్టీన్ టానర్ 2006లో ప్రతిపాదించిన నమూనా దీనికి దగ్గరగా ఉంటుంది: గమనించడం, దానికి అర్థం చెప్పుకోవడం, స్పందించడం, తర్వాత వెనక్కి చూసుకోవడం. ఇందులో గమనించడం మొదటిది కావడం యాదృచ్ఛికం కాదు. చూడనిదాన్ని విశ్లేషించడం ఎవరికీ సాధ్యం కాదు. ఏం చూడాలో ముందే కొంత తెలియకపోతే కళ్ల ముందున్నది కూడా కనిపించదు.

థియరీలో నాకు మంచి మార్కులు వస్తాయి. వార్డులో పేషెంట్ ముందు నిలబడితే మాత్రం ఏమీ తోచదు. నాకు ఆలోచనాశక్తి లేదా?

ఉంది. మీ చదువు పుస్తకం వరుసలో సర్దుకుని ఉంది, అంతే. పుస్తకంలో జబ్బు పేరు ముందు ఉంటుంది, లక్షణాలు తర్వాత వస్తాయి. రోగి లక్షణంతో వస్తాడు, పేరు ఎవరూ చెప్పరు. కాబట్టి చదివినదాన్ని తిరగేసి సాధన చేయండి. ఒక లక్షణం తీసుకుని, దానికి కారణం కాగల మూడింటిని రాసుకుని, అందులో ముందుగా ప్రాణం తీసేది ఏదో గుర్తించి, దాన్ని రెండు నిమిషాల్లో చేతులతో ఎలా తేల్చుకోవచ్చో రాయండి. కాన్పయిన రెండు గంటలకు తల్లి గాబరాగా ఉందంటోంది, నుదుట చెమట పట్టింది. అలసట కావచ్చు, షుగర్ తగ్గి ఉండవచ్చు, రక్తస్రావం కావచ్చు. ముందు చూడవలసింది రక్తస్రావం. పొత్తికడుపు మీద చేయి వేస్తే గర్భాశయం గట్టిగా బంతిలా తగులుతోందా, మెత్తగా జారిపోతోందా? మూత్రాశయం నిండి దాన్ని పైకి నెడుతోందా? ప్యాడ్‌తో పాటు నడుము కింద దుప్పటి కూడా తడిసిందా? వారానికి మూడు లక్షణాల చొప్పున ఇలా చేసిన విద్యార్థులు సెమిస్టర్ ముగిసేసరికి వార్డులో వేరే మనుషుల్లా కనిపించడం నేను చూశాను.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో ఆలోచించలేకపోవడం నా నిర్ణయాలకు అడ్డమా?

చార్టు రాయడానికీ, డాక్టర్‌తో మాట్లాడడానికీ తగినంత ఇంగ్లిష్ కావాలి, అది నేర్చుకోవాల్సిందే. ఆలోచన మాత్రం ఏ భాషలో వేగంగా సాగితే ఆ భాషలో సాగనివ్వండి. పైగా మన రోగులు చెప్పేది తెలుగులోనే. ‘గుండె దడ’, ‘ఆయాసం’, ‘కళ్లు తిరుగుతున్నాయి’, ‘ఒళ్లు తూలుతోంది’, ‘తిమ్మిర్లు’ అన్నవి వేర్వేరు ఫిర్యాదులు. వీటన్నింటినీ కలిపి ఇంగ్లిష్‌లో ‘వీక్‌నెస్’ అని రాసేస్తే సమాచారం అక్కడే పోయినట్టు. ముఖ్యంగా ‘గ్యాస్ పట్టింది’ అన్న మాట దగ్గర ఆగండి. యాభై అయిదేళ్ల షుగర్ రోగి ఛాతీ మధ్యలో గ్యాస్ పట్టినట్టుందని చెబుతూ చెమటలు కక్కుతుంటే, యాంటాసిడ్ కోసం కాదు, ఈసీజీ కోసం పరుగెత్తాలి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు స్పష్టమైన నొప్పి లేకుండా కూడా వస్తుంది. ‘గ్యాస్ అంటే ఎక్కడ పెదనాన్నా, చెయ్యి పెట్టి చూపించు’ అని అడగగలగడం తెలుగు తెలిసిన నర్సుకు ఉన్న బలం.

అమెరికా వెళ్లాలని ఎన్‌క్లెక్స్‌కు చదువుతున్నాను. కొత్త పరీక్షలో ఆలోచనను ఎలా పరీక్షిస్తున్నారు?

ఎన్‌క్లెక్స్ అంటే అమెరికాలో నర్సుగా పనిచేసే లైసెన్సు కోసం రాసే పరీక్ష. 2023 ఏప్రిల్ నుంచి నెక్స్ట్ జనరేషన్ ఎన్‌క్లెక్స్ అమల్లోకి వచ్చింది. ఇందులో మార్కులకు లెక్కించే కేస్ స్టడీలు మూడు ఉంటాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. ఆ ఆరు ప్రశ్నలూ ఆరు పనులను వరుసగా పరీక్షిస్తాయి: సూచనలను గుర్తించడం, వాటిని విశ్లేషించడం, ఏది ముఖ్యమో నిర్ణయించడం, పరిష్కారాలు ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితాన్ని అంచనా వేయడం. కొన్ని ప్రశ్నల్లో పాక్షిక మార్కులూ ఉన్నాయి. జవాబులు బట్టీ పట్టి గట్టెక్కే పద్ధతికి ఇక్కడ చోటు తక్కువ. మీరు ఇప్పుడు పనిచేస్తున్న వార్డులో ఒక కేస్‌షీట్ తీసుకుని ఈ ఆరు ప్రశ్నలూ మీకు మీరే వేసుకోవడం, కోచింగ్‌తో పాటు చేయదగిన అత్యుత్తమ సాధన అని నా నమ్మకం.

## ఉద్యోగంలో తొలి ఏడాది

సీనియర్ సిస్టర్ గుమ్మంలో నుంచి చూసే ‘ఈ పేషెంట్ పరిస్థితి బాగాలేదు’ అంటారు. నాకు ఎందుకు తెలియదు?

ఒక సంఘటన చెబుతాను. జ్వరాల సీజన్‌లో ఒక వార్డులో డెంగీతో ఉన్న యువకుడికి ఐదో రోజు జ్వరం విడిచింది. తల్లి సంతోషంగా ఇడ్లీ తెప్పించింది. కొత్త నర్సు టెంపరేచర్ నార్మల్ అని రాసి, బీపీ 100/84 అని రాసి ముందుకు కదిలింది. వెనక వచ్చిన సీనియర్ పలకరిస్తూనే దుప్పటి కింద అతని పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. ‘అమ్మా, బాబు ఒంటేలుకు ఎప్పుడు వెళ్లాడు?’ అని అడిగింది. ‘తెల్లారగట్ల వెళ్లాడమ్మా, మళ్లీ పోలేదు’ అంది తల్లి. అప్పటికి పదకొండు దాటింది. సీనియర్ అక్కడి నుంచే డాక్టర్‌ను పిలిచింది.

ఆమె చూసినవి ఆ కొత్త అమ్మాయి కూడా చూసింది, ఒక్క పాదాలు తప్ప. డెంగీలో ప్రమాదం తరచూ జ్వరం తగ్గే సమయంలోనే మొదలవుతుందని, రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతుందని ఇద్దరూ చదివారు. కానీ 100కూ 84కూ మధ్య తేడా పదహారే అనీ, ఆ తేడా 20కి దిగితే షాక్‌గా అనుమానించాలనీ ఒకరి మనసులోనే వెలిగింది. నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సులు కొత్తవారి దశ నుంచి నిపుణుల దశ దాకా ఐదు మెట్లు ఎక్కుతారని వివరించింది. కొత్తలో నియమాలు విడివిడిగా ఉంటాయి, అనుభవంతో అవి ఒకే చిత్రంగా కలుస్తాయి. ఆ చిత్రం ఏర్పడడానికి రోగులను చూస్తే చాలదు. ప్రతిసారీ ‘మీకు ఎలా తెలిసింది?’ అని సీనియర్‌ను అడగాలి. చాలామంది సంతోషంగా చెబుతారు.

వైటల్స్ (పల్స్, బీపీ, శ్వాస, టెంపరేచర్ లాంటివి) రాయడం యాంత్రికమైన పనే కదా? దానికి ఆలోచన దేనికి?

మన వార్డు చార్టుల్లో శ్వాసల సంఖ్య ఎంతమందికి 20 అని ఉంటుందో ఒకసారి చూడండి. మంచం మీద ఉన్నవారందరూ నిమిషానికి సరిగ్గా ఇరవైసార్లు ఊపిరి పీల్చరు. నర్సులు లెక్కపెట్టకుండా రాస్తున్నారన్నమాట. ఇది నన్ను నిజంగా బాధించే విషయం, ఎందుకంటే ఆరోగ్యం క్షీణించేటప్పుడు అన్నింటికన్నా ముందు మారేవాటిలో శ్వాస ఒకటి.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 స్కోరుతో, అంటే రోగి పరిస్థితి ఎంత దిగజారిందో వైటల్స్‌ను బట్టి అంకెల్లో చెప్పే పద్ధతితో, లెక్క వేసి చూద్దాం. ఆక్సిజన్ పెట్టకుండా, పూర్తి స్పృహలో ఉన్న రోగికి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94, పల్స్ 112, పై బీపీ 104, టెంపరేచర్ 38.2 డిగ్రీల సెల్సియస్, శ్వాస 24. సాచురేషన్‌కు 1, పల్స్‌కు 2, బీపీకి 1, జ్వరానికి 1, శ్వాసకు 2, మొత్తం 7. ఏడు అంటే అత్యవసర స్పందన. అదే మనిషికి శ్వాస 20 అని అలవాటుగా రాస్తే స్కోరు 5కు పడిపోతుంది. అది కూడా తొందరగా చూడవలసిన స్థాయే గానీ, అత్యవసర బృందాన్ని పిలిచే స్థాయి కాదు. ఒక్క నిమిషం గడియారం చూసి లెక్కపెట్టడానికి బద్ధకిస్తే తర్వాతి నిర్ణయాలన్నీ తప్పుడు పునాది మీద లేస్తాయి.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే ‘ఇంత చిన్న విషయానికా’ అని కోప్పడతారేమోనని ఆగిపోతాను. ఏం చేయాలి?

గుర్తించి కూడా చెప్పకపోతే ఆ ఆలోచన రోగికి చేరనట్టే. భయం తగ్గడానికి ఉత్తమ మార్గం మాట సిద్ధంగా ఉండడం. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో పుట్టి, కైజర్ పర్మనెంటే అనే అక్కడి వైద్య సంస్థ ద్వారా ఆస్పత్రుల్లోకి వచ్చిన ఎస్‌బార్ పద్ధతి ఇందుకు పనికొస్తుంది: ఇప్పుడున్న పరిస్థితి, దాని నేపథ్యం, నా అంచనా, నాకు కావలసింది. ఫోన్లో అది ఇలా ఉంటుంది:

‘సర్, సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సును మాట్లాడుతున్నాను. పద్నాలుగో బెడ్‌కు బీపీ 90/60, పల్స్ 124. నిన్న పేగు ఆపరేషన్ అయింది, సాయంత్రం బీపీ 120/80 ఉండింది. గంటలో డ్రెయిన్‌లోకి 200 మి.లీ. ఎర్రటి రక్తం వచ్చింది, లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి సర్. ఈలోపు సెలైన్ వేగం పెంచమంటారా, క్రాస్ మ్యాచ్‌కు శాంపిల్ పంపమంటారా?’

మూడో భాగం, అంటే ‘నా అనుమానం’ అన్న మాట, మన నర్సులు ఎక్కువగా మింగేస్తారు. అంకెలు మాత్రమే చెబితే నిద్రలో ఉన్న డాక్టర్ వాటిని కూడి అర్థం చేసుకోవాలి; అంచనా చెబితే ఆయన వెంటనే మంచం దిగుతారు. స్పందన రాకపోతే పై డాక్టర్‌కు, ఇన్‌ఛార్జ్‌కు చెప్పి, ఎవరికి ఏ సమయానికి ఏం చెప్పారో నర్సెస్ నోట్స్‌లో రాయండి.

మందుల లెక్కలంటే భయం. ఇది గణితం సమస్యా, ఆలోచన సమస్యా?

రెండూ. గణితం సాధనతో వస్తుంది. ఆలోచన అంటే లెక్క పూర్తయ్యాక ‘ఈ జవాబు నమ్మదగ్గదేనా?’ అని ఆగడం. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ 100 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత ఉంటాయి. 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు తీస్తే లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. గీత సరిగ్గానే ఉంది, చేయి సరిగ్గానే పనిచేసింది, మోతాదు మాత్రం రెండున్నర రెట్లు. ఒక అంకెను మూడుసార్లు చూసుకోవడం కన్నా, వయల్‌నూ సిరంజినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడడం ఇక్కడ ఎక్కువ కాపాడుతుంది.

## అనుభవం వచ్చాక

పదేళ్ల సర్వీసు ఉంది. నా మనసుకు తోచినదాన్ని నమ్మవచ్చా?

అలారంగా నమ్మండి, తీర్పుగా నమ్మవద్దు. నవజాత శిశువుల ఐసీయూ నర్సుల మీద 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో, బిడ్డకు ఇన్ఫెక్షన్ సోకిందని పరీక్షల కన్నా ముందే ఎలా పసిగట్టారని అడిగితే ముందు ‘అలా అనిపించింది’ అన్నారు. సంఘటనను మళ్లీ మళ్లీ గుర్తుచేయించాక ఒంటి రంగు, కదలిక, పాలు తాగే తీరులో వారు చూసిన సూచనలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని అప్పటి పుస్తకాల్లో లేవు. ‘అనిపించడం’ వెనక పని చేసింది గమనింపు.

అయితే మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన వ్యాసంలో చెప్పినట్టు, ఇలాంటి సహజ జ్ఞానం నమ్మదగినది కావాలంటే రెండు షరతులు ఉన్నాయి: పరిస్థితుల్లో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో మనకు తిరిగి తెలిసే అవకాశం ఉండాలి. షిఫ్ట్ అయిపోయాక ఆ రోగి ఏమయ్యాడో ఎన్నడూ కనుక్కోని నర్సుకు పదేళ్ల సర్వీసు ఉన్నా, అది ఒకే ఏడాదిని పదిసార్లు చేసినట్టవుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎందుకు పొరబడతారు?

మొదట చెవిన పడ్డ మాటకు మనసు అతుక్కుపోవడం వల్ల. క్యాజువాలిటీకి రాత్రి ఒకతన్ని ఆటోలో తెచ్చి ‘తాగి పడిపోయాడమ్మా’ అంటారు. వాసన కూడా వస్తుంది. ఆ ఒక్క మాటతో ఆలోచన మూసుకుపోతుంది. ఒక మూల పడుకోబెట్టి, ఉదయానికి దిగిపోతుందిలే అనుకుంటారు. తాగినవాడికి తలకు దెబ్బ తగలదా? షుగర్ పడిపోదా? ఫిట్స్ రావా? స్పృహ సరిగా లేని ప్రతి మనిషికీ, ఎవరు ఏం చెప్పి తెచ్చినా, షుగర్ చూడడం, కంటిపాపలు చూడడం, తల తడిమి చూడడం, స్పృహ స్థాయిని మళ్లీ మళ్లీ కొలవడం తప్పనిసరి. షిఫ్ట్ అప్పగింతలో (హ్యాండోవర్‌లో) విన్న ‘ఆమె అంతేనమ్మా, ఊరికే అరుస్తుంటుంది’ అన్న మాట కూడా ఇలాంటిదే. రోగి మీద అతికించిన ముద్ర ఏదైనా సరే, దాన్ని పక్కకు తీసి ఒక్కసారి ‘ఇంకేం కావచ్చు?’ అని అడగడం అనుభవజ్ఞులకే ఎక్కువ అవసరం, ఎందుకంటే వారి మాటను ఎవరూ మళ్లీ ప్రశ్నించరు.

పురుగుల మందు తాగిన కేసుల్లో అట్రోపిన్ ఎలా ఇవ్వాలో డాక్టర్ రాస్తారు. అక్కడ నర్సు ఆలోచించాల్సింది ఏమిటి?

మన జిల్లా ఆస్పత్రుల ఐసీయూల్లో నర్సు ఆలోచన ఇంతగా ప్రాణాన్ని నిలబెట్టే సందర్భాలు తక్కువ. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల విషంలో, దాని ప్రభావాన్ని అణచే అట్రోపిన్‌కు స్థిరమైన మోతాదు లేదు; రోగి శరీరం ఇచ్చే జవాబును బట్టి నడుస్తుంది. ఆ జవాబును గంటగంటకూ చదివేది నర్సే. ఊపిరితిత్తుల్లో గరగర పోయిందా, పల్స్ 80 దాటిందా, పై బీపీ 80 పైన ఉందా, చంకలు పొడిగా ఉన్నాయా అని చూడాలి. అన్నీ ఉంటే మందు సరిపడా ఎక్కినట్టు.

ఆ తర్వాత రోగి దుప్పటి లాగడం, గాలిలో ఏదో పట్టుకోవడం, అరవడం మొదలుపెడతాడు. బంధువులు ‘విషం తలకెక్కింది’ అంటారు. ఇక్కడే ఆగి చూడాలి. ఒళ్లు వేడిగా ఉండి, కడుపు మీద స్టెతస్కోప్ పెడితే పేగుల శబ్దం లేకపోతే, అది విషం కాదు, అట్రోపిన్ ఎక్కువైన లక్షణం. డాక్టర్‌కు చెప్పి మందు ఆపించి, తగ్గించి మొదలుపెట్టించాలి. అదే గాబరాతో పాటు మళ్లీ నోటి నిండా చొంగ, ఛాతీలో గరగర వస్తే అది విషమే, మందు చాలలేదు. పైకి ఒకేలా కనిపించే రెండింటికీ చేయాల్సిన పనులు పూర్తిగా వ్యతిరేకం.

ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, అంతా కుదుటపడిందనుకునే వేళ, శ్వాస కండరాలు బలహీనపడే ప్రమాదం ఉంటుంది. దాన్ని ముందుగా పట్టుకునే పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. ప్రతి రౌండ్‌లో ‘తల దిండు మీద నుంచి పైకి లేపు బాబూ’ అని అడగండి. నిన్న లేపినవాడు ఇవాళ లేపలేకపోతే, సాచురేషన్ 98 ఉన్నా సరే, వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాలని చెప్పండి.

ప్రోటోకాల్స్, చెక్‌లిస్టులు వచ్చాక నర్సు సొంత ఆలోచనకు పని ఉందా?

ఉంది. మంచి ప్రోటోకాల్ ఆలోచనను తీసేయదు, ముఖ్యమైన చోటికి మళ్లిస్తుంది. నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆస్పత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ఇ-మోటివ్ పరిశోధనలో, కాన్పు తర్వాత కారే రక్తాన్ని గీతలున్న ప్లాస్టిక్ సంచిలోకి పట్టి కొలిచి, హద్దు దాటగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. అధిక రక్తస్రావం అయినవారిలో మామూలు పద్ధతిలో సుమారు 51 శాతం మందినే గుర్తించగా, ఈ పద్ధతిలో 93 శాతం మందిని గుర్తించారు. తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయి. కంటి అంచనా మీద ఉన్న భారాన్ని సంచి తీసుకుంది. అయితే రక్తహీనతతో వచ్చిన సన్నటి తల్లికి హద్దు దాటకముందే పల్స్ పెరుగుతుంటే, గీత చేరేదాకా ఆగకూడదని సంచి చెప్పదు. అది నర్సు చెప్పాలి.

మానిటర్ చూపించే అంకె ఒకటి, పేషెంట్ కనిపించే తీరు ఒకటి. దేన్ని నమ్మాలి?

ముందు పేషెంట్‌ను. వేళ్లు చల్లబడ్డా, గోళ్లకు రంగు ఉన్నా, చేయి కదులుతున్నా పల్స్ ఆక్సీమీటర్ తప్పు చూపవచ్చు. అంకె బాగుండి మనిషి బాగాలేకపోతే అది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మనల్ని నిద్రపుచ్చుతుంది.

## ఇన్‌ఛార్జ్‌లు, బోధకుల సందేహాలు

ఆలోచనా నైపుణ్యం ఎక్కువున్న నర్సులు మంచి నిర్ణయాలు తీసుకుంటారని పరిశోధనల్లో రుజువైందా?

సూటిగా అవునని చెప్పలేం. చాలా అధ్యయనాలు రెండింటి మధ్య సంబంధం చూపాయి. చూపనివీ ఉన్నాయి. 2000లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో క్రిటికల్ థింకింగ్ స్కోరుకూ, నిర్ణయాల స్కోరుకూ మధ్య సంబంధమే కనిపించలేదు. కొలిచే తీరు దీనికి ఒక కారణమని నేను భావిస్తాను. ఆలోచనను తరచూ వార్డుతో సంబంధం లేని సాధారణ ప్రశ్నలతో కొలుస్తారు. నిర్ణయాలను కొలవడానికి ఎక్కువగా వాడే హెలెన్ జెంకిన్స్ స్కేలులో నర్సు తన గురించి తాను చెప్పుకునే 40 వాక్యాలు ఉంటాయి. అందులో తెలిసేది ఆమె తన నిర్ణయాల గురించి ఏమనుకుంటోందన్నదే, రాత్రి మూడు గంటలకు ఏం చేసిందన్నది కాదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. చక్కగా ఆలోచించగల నర్సు కూడా, ఆ జబ్బు గురించి తెలియకపోతే, నోరు విప్పే స్వేచ్ఛ లేకపోతే, ఊపిరి తీసుకునే తీరిక లేకపోతే, మంచి నిర్ణయం దాకా చేరదు. ఆలోచన అవసరం, అదొక్కటే సరిపోదు.

ఒక్క నర్సుకు నలభై మంది పేషెంట్లు ఉన్నప్పుడు ఆలోచించమని చెప్పడం న్యాయమేనా?

న్యాయం కాదు. ఆ మాట సూటిగా చెప్పాలి. లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో తేల్చిన దాని ప్రకారం, శస్త్రచికిత్స రోగుల్లో నర్సుకు అదనంగా పడే ఒక్కో రోగితో 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో 300 ఆస్పత్రుల్లో చూసినా అదే 7 శాతం వచ్చింది. నర్సులను పెంచకుండా క్రిటికల్ థింకింగ్ మీద వర్క్‌షాపులు పెట్టి సరిపెట్టుకోవడం వారి మీద మరో భారం వేయడమే.

పోస్టులు నిండేదాకా వార్డు ఆగదు కాబట్టి ఇన్‌ఛార్జ్ చేయగలిగింది ఒకటుంది. షిఫ్ట్ మొదలైన పది నిమిషాల్లో నలభై మందినీ ఒక చుట్టు చూసి, ఈ రాత్రి చెడగలిగినవారు ఎవరో ఐదుగురి బెడ్ నంబర్లు బోర్డు మీద రాయించండి. ఆ ఐదుగురిని ఎందుకు ఎంచుకున్నారో చెప్పించండి. తప్పిపోయినా ఫర్వాలేదు, మరుసటి రోజు సరిచూసుకోవచ్చు.

విద్యార్థులకు ఆలోచించడం నేర్పడం ఎలా? లెక్చర్లు ఇస్తే వస్తుందా?

లెక్చర్‌తో నిర్వచనం వస్తుంది. ఆలోచన రావాలంటే బోధకులు తమ ఆలోచనను బయటికి వినిపించాలి. మంచం పక్కన నిలబడి, ‘నాకు ఈయన ముఖం పాలిపోయినట్టుంది, అందుకే పల్స్ చూస్తున్నాను, 110 ఉంది, నొప్పి వల్ల కావచ్చు, రక్తం పోవడం వల్ల కావచ్చు, కట్టు తీసి చూద్దాం’ అని పైకి చెబుతూ పనిచేయండి. తర్వాత విద్యార్థిని అదే చేయనివ్వండి. తప్పు దారి పట్టినా రోగికి హాని లేనంతవరకు ఒక అర నిమిషం ఆగండి. మానవ బొమ్మలతో చేసే సిమ్యులేషన్‌లో కూడా అసలు నేర్పు, అయిపోయాక కూర్చుని ‘ఆ క్షణంలో ఏం అనుకున్నావు?’ అని మాట్లాడుకునే చోట ఉంటుంది. ‘ఎందుకు అలా చేశావు?’ అన్న ప్రశ్నను కోర్టులో లాయర్‌లా అడిగితే విద్యార్థి దాక్కుంటుంది. తెలుసుకోవాలని అడిగితే చెబుతుంది.

తప్పు జరిగింది, రోగికి పెద్ద హాని జరగలేదు. ఇంటికి వచ్చినా అదే మనసులో తిరుగుతోంది. ఏం చేయాలి?

ముందు పై అధికారికి చెప్పి, మీ ఆస్పత్రి పద్ధతి ప్రకారం నమోదు చేయించండి. హాని తప్పిపోయిన సంఘటనలు కూడా రాసి పెడితేనే మరో వార్డులో మరొకరు అదే గుంటలో పడరు. మనసులో తిరిగేదాన్ని కాగితం మీదికి దించండి. రోగి పేరు, బెడ్ నంబరు లేకుండా: నేను ఏం చూశాను, ఏం అనుకున్నాను, ఏం చేశాను, ఏ సమాచారం నా ముందు ఉండి కూడా వాడుకోలేదు. చివరి ప్రశ్న దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. చాలాసార్లు అక్కడ అజ్ఞానం కన్నా అలసట, తొందర, ఎవరినో అడగడానికి మొహమాటం కనిపిస్తాయి. మూడింటికీ మందులు వేరు. తర్వాతి డ్యూటీకి వెళ్లగానే, వేరే పని మొదలుపెట్టే ముందు, ఆ రోగి ఎలా ఉన్నాడో వెళ్లి చూసి రండి.